రాని చీఫ్ గెస్టు

చంద్రగిరి దాటాక ఒక పల్లె హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పోయినేడు జనవరి 26 అయిన మర్నాడు, 'మన బళ్ళో రిపబ్లిక్ డే' గురించి రాసుకు రమ్మని ఆరో తరగతికి చెప్పాను. ముప్ఫై నాలుగు నోటుబుక్కులు వచ్చాయి. అన్నింట్లోనూ ఒకటే వాక్యం: 'ద చీఫ్ గెస్ట్ హోయిస్టెడ్ ద ఫ్లాగ్.'

మా బడికి ఆ రోజు చీఫ్ గెస్టు అంటూ ఎవరూ రాలేదు. జెండా ఎగరేసింది మా హెడ్మాస్టరే. గైడులోని వ్యాసం ఒకరు ఎక్కించుకుంటే, వాళ్ళది చూసి మిగతావాళ్ళు ఎక్కించుకున్నారు. ఆ రోజు బడికే రాని పిల్లాడు కూడా 'వి సెలబ్రేటెడ్ గ్రాండ్‌లీ' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. కోపం వచ్చింది గానీ, ఎవరి మీద చూపించాలి? బోర్డు మీద నమూనా రాసి, పేర్లు మార్చుకుని రాయమని ఇన్నేళ్ళూ అలవాటు చేసింది నేనే.

పుస్తకాలు పక్కన పెట్టి, "అసలేం జరిగిందో తెలుగులో చెప్పండ్రా" అన్నాను. ఇంక ఆపేవాళ్ళు లేరు.

"తాడు తగులుకునింది మేడమ్!"

"హెడ్మాస్టర్ సార్ మూడు తూర్లు లాగినాడు! పూలు ఆయన నెత్తిన పడినాయి గానీ జెండా సగమే విప్పుకునింది!"

వెనక బెంచీ పిల్ల ఒకతె తాపీగా లేచింది. "పీఈటీ సార్ బల్లెక్కి, కట్టెతో పొడిచి, ముడి ఊడదీసి, కిందికి దూకి, సెల్యూట్ కొట్టినాడు మేడమ్."

ఆ ఒక్క వాక్యం దగ్గర నాకు దారి దొరికింది. అయిదు పనులు, చివర ఒకటే పూర్తి క్రియ. ఎక్కి, పొడిచి, ఊడదీసి, దూకి... తెలుగులో ఎంతసేపైనా అల్లుకుంటూ పోవచ్చు, బరువంతా చివరి 'కొట్టినాడు' మోస్తుంది. ఎవరు చేశారో మాటిమాటికీ చెప్పక్కర్లేదు. అదే పిల్ల ఇంగ్లీషులోకి రాగానే మొదటి 'ఎక్కి' దగ్గరే ఇరుక్కుపోతుంది. ఆమెకు రాయడం రాక కాదు, ఆ అల్లికను ఎక్కడ తెంపాలో ఎవరూ చూపించక.

వాక్యాన్ని బోర్డు మీద రాసి, ప్రతి 'ఇ' దగ్గరా ఒక గీత గీశాను. గీత గీసిన చోటల్లా ఫుల్‌స్టాప్, కొత్త వాక్యం, ముందు 'హి', వెంటనే జరిగిపోయిన పని. హి స్టుడ్ ఆన్ ద బెంచ్. హి పుష్డ్ ద నాట్ విత్ ఎ స్టిక్. హి జంప్డ్ డౌన్. నాట్‌కి ముందు 'కె' ఎందుకని అడిగారు. ఒకప్పుడు దాన్ని పలికేవాళ్ళని చెప్పాను, నమ్మలేదు.

మా సైన్సు, లెక్కల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటాయి. ఇంగ్లీషు రీడరుకు ఆ పక్క పేజీ లేదు. నోటుబుక్కులో మేమే పెట్టుకున్నాం. ఎడమ పక్క ఇంట్లో అమ్మకు చెప్పినట్టు తెలుగు, గీతలతో సహా. కుడి పక్క ఇంగ్లీషు. ఇంగ్లీషు క్లాసులో తెలుగేంటని స్టాఫ్ రూములో ఒకరిద్దరు మూతి విరిచారు. విరుచుకోనీ.

'హోయిస్టెడ్' మాట కూడా అక్కడే తేలింది. ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని జెండాను కింది నుంచి పైకి లాగుతారు, అది హోయిస్ట్. జనవరి 26న జెండా ముందే పైన కట్టి ఉంటుంది, రాష్ట్రపతి దాన్ని విప్పుతారు, అది అన్‌ఫర్ల్. మా జెండా పైనే తగులుకునింది కాబట్టి ఏ మాట రాయాలో పిల్లలే తేల్చేశారు.

క్రియల దగ్గర మాత్రం నెల పట్టింది. అన్నింటికీ 'ఈడీ' తగిలించే జబ్బు: సింగ్డ్, కమ్డ్, గివ్డ్. అది కుదుటపడేసరికి 'డిడ్ నాట్ కేమ్' మొదలైంది. ఎ, ద ల జోలికి నేను పోలేదు. ఒక్క పేజీలో పదిహేను ఎర్ర సున్నాలు చూసిన పిల్ల మళ్ళీ గైడు తీస్తుంది. అందుకని ఒక్కో విడతలో ఒక్క రకం తప్పే దిద్దుతాను.

ఫిబ్రవరిలో ఆటల పోటీలు జరిగాయి. గోనెసంచి పరుగులో పడి మోకాళ్ళు గీరుకున్న వాడు ఏడు వాక్యాలు రాశాడు, అందులో మూడు మోకాలి గురించే. ముత్యాల అక్షరాల పిల్లాడు ఆ రోజూ బడికి రాలేదు. మర్నాడు నా టేబుల్ దగ్గరికొచ్చి గొణిగాడు.

"నేను రాలా గదా మేడమ్, ఏం రాసేది?"

"ఎందుకు రాలేదో అది రాయి."

సాయంత్రానికి తెచ్చాడు. ఎడమ పక్క: 'మా జెర్సీ ఆవు ఈనింది. రాత్రంతా నేనూ మా నాయనా కొట్టంలోనే ఉన్నాము.' కుడి పక్క: 'ఐ డిడ్ నాట్ కేమ్ టు స్కూల్. అవర్ కౌ గేవ్ కాఫ్. మై ఫాదర్ అండ్ ఐ సాట్ ఇన్ ద షెడ్ ఆల్ నైట్.'

'కేమ్' చుట్టూ మాత్రం సున్నా చుట్టి, దూడకు ఏం పేరు పెట్టారో కూడా రాసుకు రమ్మన్నాను.