ఒకే బేరింగ్, రెండు బిందువులు

పాలమూరు గుట్టల్లో జీపీఎస్ పట్టుకొని తిరిగే మిత్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇద్దరూ ఒకే గుండును వేపాయింటుగా (పరికరంలో గుర్తుపెట్టుకున్న బిందువుగా) తీసుకొని, అక్కడి నుంచి 5 కిలోమీటర్ల దూరం, 60 డిగ్రీల బేరింగ్ (ఉత్తరం నుంచి కుడివైపుకు కొలిచే దిశాకోణం) అని ప్రొజెక్ట్ చేస్తే, అంటే కొత్త బిందువును లెక్కగట్టిస్తే, కొత్త బిందువులు 75 మీటర్ల ఎడంగా ఎందుకు పడతాయి? చాలామంది నెపం ఉపగ్రహాల మీదికి నెడతారు. కానీ ప్రొజెక్షన్‌కు ఉపగ్రహాలతో పనే లేదు. అది వట్టి లెక్క, ఇంట్లో కూర్చొని చేసినా అదే జవాబు రావాలి.

తేడా అంతా ఆ 60 డిగ్రీలను ఏ ఉత్తరం నుంచి కొలిచారన్న దానిలో ఉంది. సెట్టింగుల్లో నిజ ఉత్తరం (ఉత్తర ధ్రువం వైపు), అయస్కాంత ఉత్తరం (దిక్సూచి ముల్లు చూపేది), గ్రిడ్ ఉత్తరం (పటం మీది గళ్ల నిలువు గీతల దిశ) అని విడివిడిగా ఉంటాయి. మన ప్రాంతంలో మొదటి రెంటికీ మధ్య కోణం చిన్నదే కనుక, నా దృష్టిలో అసలు చిక్కు గ్రిడ్‌తోనే. భూమిని నిలువు జోన్లుగా విడదీసి స్థానాన్ని మీటర్లలో చెప్పే యూటీఎం గ్రిడ్ పద్ధతిలో 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణాన్ని దాదాపు ఒరుసుకుంటూ పోతుంది. నారాయణపేట 43లో ఉంటే జడ్చర్ల 44లో ఉంది. ఆ రేఖను తూర్పుకు దాటగానే, జోన్‌లో తూర్పు పడమరల స్థానం చెప్పే తూర్పు కొలత సుమారు 8,20,000 మీటర్ల నుంచి 1,80,000కు పడిపోతుంది. అంతేకాక, రేఖకు పడమట గ్రిడ్ ఉత్తరం నిజ ఉత్తరానికి 0.86 డిగ్రీలు తూర్పుగా ఉంటే, తూర్పున అంతే పడమరగా ఉంటుంది. ఒకరు నిజ ఉత్తరం నుంచి, ఇంకొకరు గ్రిడ్ ఉత్తరం నుంచి కొలిస్తే వచ్చే తేడా ఇదే, 5 కిలోమీటర్లకు 75 మీటర్ల లెక్క ఇక్కడిదే.

పరికరం ఏ ఉత్తరం మీద ఉందో తేల్చుకోవడం సులువు. ఏదైనా వేపాయింటు నుంచి 0 డిగ్రీలకు 1 కిలోమీటరు ప్రొజెక్ట్ చేసి రేఖాంశం చూడండి. అది మారకపోతే నిజ ఉత్తరం. నిమిషాల్లో మూడో దశాంశ స్థానం దాదాపు ఎనిమిది అంకెలు జరిగితే మాత్రం గ్రిడ్‌ను అనుమానించాలి.

సెట్టింగు సరిగా ఉన్నా వచ్చే వింత ఇంకొకటి ఉంది. నల్లగొండ నుంచి 90 డిగ్రీలకు 100 కిలోమీటర్లు వెళ్లి, అక్కడి నుంచి 270 డిగ్రీలకు అంతే దూరం వెనక్కు వస్తే, బయలుదేరిన చోటికి దక్షిణంగా అర కిలోమీటరుకు కాస్త తక్కువ దూరంలో తేలుతాము. ఎందుకంటే పరికరం అక్షాంశం వెంట కాక, భూగోళం మీది అతి దగ్గరి దారిన లెక్కిస్తుంది. 10 కిలోమీటర్లకైతే ఈ తేడా 5 మీటర్లు దాటదు కనుక, గుట్టల తిరుగుడుకు దాన్ని పట్టించుకోనక్కర లేదు.