మా ఇంటి కూడికలో నేను నేర్చుకున్న మౌనం

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలపాటు నేను ఆరాధనకు వెళ్లలేకపోయాను. ఏడేళ్లుగా క్రమం తప్పకుండా వెళ్తున్న సంఘమే అయినా, మూడు వందల మందికి పైగా కూడుకునే ఆ మందిరంలో నేను లేని సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. తిరిగి వెళ్లిన రోజున పాస్టర్ గారితో ఆ మాట చెప్పినప్పుడు ఆయన చాలాసేపు తల దించుకుని ఉండిపోయారు. తర్వాత, "తప్పు మాదేనమ్మా. మీ ఇంట్లో ఒక పదిమంది కూర్చోవడానికి వీలవుతుందా?" అని అడిగారు. మా గృహ సహవాసం అలా మొదలైంది.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. బైబిలులో యేసు శిష్యుడైన పేతురు చెరసాల నుంచి విడుదలై నేరుగా వెళ్లింది మార్కు తల్లి మరియ ఇంటికే. అక్కడ అనేకులు కూడి ప్రార్థన చేస్తున్నారు. అకుల ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లోనూ, ఫిలేమోను ఇంట్లోనూ కూడుకునే సంఘాలకు అపొస్తలుడైన పౌలు తన లేఖలలో వందనాలు రాశాడు. సిరియాలోని దూరా యూరోపస్‌లో తవ్వకాలలో బయటపడిన 3వ శతాబ్దపు క్రైస్తవ కూడిక స్థలం కూడా మొదట ఒక మామూలు ఇల్లే. రెండు గదుల మధ్య గోడ తీసేసి అందరూ కూర్చునేలా దాన్ని మార్చుకున్నారు. మేము గోడలు తీయలేదు కానీ, శుక్రవారం సాయంత్రం కాగానే మంచాన్ని గోడకు నిలబెట్టి చోటు చేసుకునేవాళ్లం.

మొదటి మూడు నెలలు నేను చేసింది పొరపాటని ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. వారమంతా సిద్ధపడి, వచ్చిన ఎనిమిది మందికీ వాక్యం బోధించేదాన్ని. చివర్లో ప్రార్థన అంశాలు అడిగితే "పిల్లల చదువులు", "ఆరోగ్యం" అని రెండు ముక్కలు చెప్పి అందరూ లేచేవారు. ఒకసారి పాస్టర్ గారు వచ్చి, ఒక మూలన కూర్చుని అంతా విన్నారు. వెళ్లేటప్పుడు, "గంటలో యాభై నిమిషాలు మీరే మాట్లాడారమ్మా. ప్రసంగం వాళ్లు ఆదివారం వింటున్నారు కదా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి వారం ఒక వాక్యభాగం చదివి, "ఇందులో మీకు నమ్మడానికి కష్టంగా ఉన్న మాట ఏది?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నాను. గోడ గడియారం చప్పుడు తప్ప మరేదీ వినిపించలేదు. ఇక నేనే అందుకోబోతుండగా, అన్ని వారాలూ పెదవి విప్పని ఒక పెద్దాయన బైబిలు మూసి ఒళ్లో పెట్టుకుని, "మా అబ్బాయి పోయినప్పటి నుంచి నేను ప్రార్థన చేయలేకపోతున్నాను. మందిరంలో కళ్లు మూసుకుంటాను, అంతే" అన్నారు. ఓదార్పు వచనం ఒకటి నా నోటిదాకా వచ్చింది. దాన్ని ఆపుకోవడం ఆ మూడు నెలల్లో నేను చేసిన మంచి పనులన్నిటికంటే కష్టమైంది. ఆయన పక్కనున్న వృద్ధురాలు తన కుర్చీని దగ్గరకు జరుపుకుని, "మీకు మాటలు వచ్చేదాకా మీ బదులు మేము చేస్తాం బాబూ" అంది. ఆ మాట ఏ వేదిక మీది నుంచీ వచ్చేది కాదు. ఆయన ముఖం కనిపించేంత దగ్గరగా కూర్చున్నవారికే అది వస్తుంది.

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టులు అనే క్రైస్తవ ఉద్యమం వారు తమ మందిరపు అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మంది గుంపులుగా చేసి, వారానికి తలా ఒక పెన్నీ (చిన్న నాణెం) వసూలు చేసే బాధ్యతను ఒక్కొక్క నాయకునికి అప్పగించారు. పెన్నీ కోసం గడప తొక్కినవారికి ఆ ఇళ్లలోని అసలు బ్రతుకులు కంటబడ్డాయి. ఆ ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ కోరుకున్న కాపరి సంరక్షణకు ఆ గుంపులే ఆధారమయ్యాయి.

మాకూ ఒక గట్టి దెబ్బ తగిలింది. ఒక సహోదరి కన్నీళ్లతో చెప్పుకున్న అప్పుల సంగతి, "ఆమె కోసం ప్రార్థించండి" అనే రూపంలోనే, ఆదివారం నాటికి మందిరమంతా పాకింది. ఆమె రావడం మానేసింది. నేను మూడుసార్లు వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఇక్కడ విన్నది ప్రార్థన అంశంగా కూడా బయటకు వెళ్లకూడదని అందరం కలిసి తీర్మానించుకున్న తర్వాత, నాలుగు నెలలకు ఆమె మళ్లీ వచ్చి తలుపు పక్కన కూర్చుంది. ఈ నియమం మొదటి రోజే పెట్టుకోవలసింది.

రెండేళ్లకు మేము పదిహేను మందిమయ్యాం. మాట్లాడేవారు మళ్లీ ఆ నలుగురైదుగురే అయ్యారు, మిగిలినవారు వినేవారయ్యారు. విడిపోవడం ఎవరికీ ఇష్టం లేకపోయినా, రెండు ఇళ్లలో కూడుకోవాలని నిర్ణయించాం. చివరి శుక్రవారం మా ప్రార్థన అంశాల పుస్తకం ముందు పెట్టుకుని, అవతలి ఇంటికి వెళ్లేవారి పేర్లనూ మనవులనూ ఇంకో పుస్తకంలోకి ఎత్తి రాశాం. తన పేరు వచ్చినప్పుడు ఆ పెద్దాయన కలం అడిగి తీసుకుని, "ప్రార్థన చేయలేకపోతున్నాను" అన్న పాత వరుసను కొట్టివేశారు. కొత్త పుస్తకంలో తన పేరు కింద, కొడుకును పోగొట్టుకున్న మరో తండ్రి పేరు రాశారు.