సూది గుచ్చుకున్న ఆయాకు టీకా వేయించామా?

తిరుపతిలో తిలక్ రోడ్డు మీదైనా, ఎయిర్ బైపాస్ రోడ్డు మీదైనా ఏ చిన్న క్లినిక్కులోకి అడుగుపెట్టినా వైద్య వ్యర్థాలను వేరుచేసి వేసే పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు వరుసగా కనిపిస్తాయి. నర్సుగా నేను చూసిన తనిఖీలలో అధికారుల దృష్టి ఎక్కువగా ఆ డబ్బాల మీద, కాలుష్య నియంత్రణ మండలి పత్రాల మీద ఉండేది. అవి అవసరమే. అయితే 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు డబ్బాల రంగులతో ఆగలేదు. వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి (రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ వ్యాధి), ధనుర్వాతం టీకాలు వేయించాలని, పనిలో చేరినప్పుడూ ఆ తరువాత ఏడాదికి ఒకసారైనా శిక్షణ ఇచ్చి ఆరోగ్య పరీక్షలు చేయించాలని అవి యాజమాన్యాన్ని ఆదేశిస్తున్నాయి. ఒక్క పడక కూడా లేని క్లినిక్కుకు సైతం ఈ బాధ్యత తప్పదు.

నేను గతంలో పనిచేసిన ఒకచోట, సాయంత్రం ఓపీ ముగిశాక ఆయా ఎర్ర సంచికి మూతి కట్టడానికి లోపలి సిరంజిలను అరచేత్తో అదిమింది. సిరంజి నుంచి వేరుచేసి తెల్ల డబ్బాలో వేయవలసిన సూది ఒకటి అందులో ఉండిపోయి, పలుచని చేతి తొడుగును చీల్చుకుని ఆమె బొటనవేలి మొదట్లో దిగింది. "ఏం గాదులేమ్మా, స్పిరిటు పూసినా" అని ఆమె పనిలో పడిపోయింది. ఆ సూది ఏ రోగిదో ఎవరికీ తెలియదు. ఆమెకు ఒక్క టీకా కూడా వేయించలేదని అప్పుడే బయటపడింది.

హెపటైటిస్ బి వైరస్ శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. ఆ వ్యాధి ఉన్నవారికి వాడిన సూది టీకా లేని వారికి గుచ్చుకుంటే వైరస్ సోకే అవకాశం 30 శాతం వరకూ ఉంటుంది. హెచ్ఐవీ విషయంలో అది సుమారు 0.3 శాతమే. మనవాళ్లు రెండోదానికే భయపడతారు, టీకాతో నివారించగలిగిన మొదటిదాన్ని పట్టించుకోరు. ఇది నన్ను ఎంతో బాధించే సంగతి.

సూది గుచ్చుకున్నప్పుడు గాయాన్ని పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా, స్పిరిటు పోయకుండా, సబ్బుతో ధారగా పారే నీటిలో కడగాలి. వెంటనే డాక్టరుకు చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు వాడవలసి వస్తే వీలైతే రెండు గంటలలోపు, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రాత్రివేళ రుయా వంటి పెద్దాసుపత్రిలో ఎవరిని కలవాలో, ఫోన్ నంబరుతో సహా ఇంజెక్షన్ గదిలోనే రాసి ఉంచడం మంచిది. ప్రమాదాన్ని రిజిస్టరులో నమోదు చేయడం ఎవరినో దోషిగా నిలబెట్టడానికి కాదన్న నమ్మకం ఆయాకు కలిగితేనే ఆమె నోరు విప్పుతుంది.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు. మొదటిదాని తరువాత నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది వేస్తారు. చివరి డోసు వేసిన ఒకటి రెండు నెలలకు రక్తపరీక్షలో యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కొనే రక్షక పదార్థాలు) మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లకు (mIU/mL) తగ్గకుండా ఉన్నాయో లేదో చూడాలి. ఏజెన్సీ పంపిన మనిషి అయినా, పూటకు వచ్చి తుడిచి వెళ్లే మనిషి అయినా వ్యర్థాలను ముట్టుకుంటే టీకా నియమం వర్తిస్తుంది కనుక, వారి డోసుల తేదీలు కూడా క్లినిక్కు రిజిస్టరులోనే ఉండాలి.