బాపుకు ఆరోగ్యశ్రీలో స్టెంట్ వేయించాం: నా అనుభవం

బాపు (మా నాన్న) ఛాతీలో నొప్పి అంటే ముందు మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికే పోయాం. గ్యాస్ గోలీలు ఇచ్చాడు, తగ్గకపోయేసరికి ఈసీజీ తీయించమన్నది కూడా ఆయనే. నర్సంపేటలో ఈసీజీ చూసిన డాక్టర్ వెంటనే హన్మకొండ పొమ్మన్నాడు. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్త పరీక్షలు, టూడీ ఎకో, యాంజియోగ్రామ్, అన్నీ చేతి డబ్బులే, పత్తి అమ్మిన పైసలు అక్కడే అయిపోయాయి. గుండె రక్తనాళాల్లో బ్లాకులున్నాయి, స్టెంట్ వేయాలి అన్నాక గానీ ఆరోగ్యశ్రీ మాట రాలేదు.

అక్కడి నుంచి పనంతా ఆరోగ్యమిత్రదే, అంటే ఆసుపత్రిలో పథకం కాగితాలు చూసే అమ్మాయిదే. రేషన్ కార్డులో బాపు పేరు ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉంది. నాకు ఒకటే టెన్షన్. ఆ అమ్మాయి మాత్రం "ఏం కాదన్నా, ఇసుంటివి రోజూ వస్తయి" అని కాగితాలు రాయించుకుంది. రిపోర్టులు, మంచం మీద బాపు ఫొటో అప్‌లోడ్ చేస్తే హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ ట్రస్టు డాక్టర్లు చూసి ఓకే అనాలి. అది వచ్చేదాకా బాపు "నాకేం లేదు, ఇంటికి పోదాం పా" అనుడే. వచ్చాక మాత్రం స్టెంట్‌కు ఒక్క రూపాయి అడగలేదు, డిశ్చార్జి రోజు మందులు కూడా ఇచ్చారు.

పథకం 2007లో మొదలైంది, 2023 డిసెంబరులో మన తెలంగాణలో వైద్య ఖర్చు పరిమితిని 10 లక్షలకు పెంచారు. మంచిదే, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులొచ్చినవాళ్లకు అది పనికొస్తుంది. కానీ మాకు ఖర్చయింది స్టెంట్ కోసం ఆసుపత్రి మంచం ఎక్కకముందు, ఆ ఖర్చుకు పరిమితి ఎంత పెంచినా ఒకటే. దేశం మొత్తం లెక్క కూడా ఇట్లనే ఉంది: 2021-22లో వైద్యం మీద పెట్టిన ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోయింది, అందులో ఓపీ ఫీజులు, మందుల వాటా చిన్నదేం కాదు. 2025 నాటికి ప్రభుత్వాలు జీడీపీలో 2.5 శాతం పెడతాయని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు, 2021-22 నాటికి అది 1.84 శాతమే. పైసలు కట్టలేడని ఎవరికీ వైద్యం ఆగొద్దని దేశంలో వైద్యం ఎట్లుండాలో చెప్పడానికి బ్రిటిష్ కాలంలో వేసిన భోర్ కమిటీ చెప్పింది 1946లో!

నన్నడిగితే కొత్త పైసా ఏదొచ్చినా ముందు పల్లె దవాఖానకు, పీహెచ్‌సీకి పోవాలి. ఈసీజీ అక్కడే తీయాలి, అక్కడి డాక్టర్ పంపిస్తే యాంజియోగ్రామ్ కూడా పథకంలోనే కావాలి. బాపుకు బీపీ ఎన్నేళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు. ఇప్పుడు బీపీ గోలీలు ఊళ్లోనే ఇస్తున్నారు, స్టెంట్‌కు వాడేవి మాత్రం నెలనెలా బయట కొంటున్నాం.