హెచ్‌ఆర్ పేపర్ రెండోసారికి ఎలా దక్కింది

రిజల్ట్ వచ్చి మూడు రోజులైంది. హెచ్‌ఆర్ పేపర్ గట్టెక్కాను, ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మొదటిసారి ఎలా పోయిందో ముందు చెప్తాను. హెచ్‌ఆర్ విధానాలు పనితీరును ఎలా పెంచుతాయన్నది పెద్ద ప్రశ్న. బాగా వచ్చిన టాపికే కదా అని రిక్రూట్‌మెంట్, ట్రైనింగ్, అప్రైజల్, జీతాలు అంటూ నిర్వచనాలతో పేజీలు నింపేశాను. మార్కులు చూశాక రెండు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. తర్వాత అదే జవాబు గుర్తు తెచ్చుకుని మళ్లీ రాసి చదువుకున్నాను. ట్రైనింగ్ ఇస్తే పనితీరు పెరుగుతుందన్నాను గానీ, మధ్యలో ఆ ఉద్యోగిలో ఏం మారుతుందో ఒక్క లైను లేదు.

ఆ లోటు తీర్చింది మనస్తత్వ పరిశోధకుడు విలియం కాన్ 1990 నాటి పరిశోధన. వేసవి శిబిరం కౌన్సిలర్లనూ, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులనూ గమనించి, ఉద్యోగి పనిలో మనసు పెట్టడం మూడు ప్రశ్నల మీద ఆధారపడుతుందని ఆయన తేల్చారు. ఈ పనికి అర్థం ఉందా? ఉన్నమాట చెప్తే నాకు నష్టం లేదు కదా? ఇవాళ నాలో అంత ఓపిక ఉందా? ఇక ప్రతి విధానాన్నీ వీటితోనే కలిపి చదివాను. జాబ్ డిజైన్ (పనిని మలిచే తీరు) మొదటిదానికి, మేనేజర్ ఫీడ్‌బ్యాక్ ఇచ్చే తీరు రెండోదానికి, పనిగంటలు, సెలవులు మూడోదానికి.

ఒక పని ఉద్యోగిలో ఎంత ప్రేరణ కలిగించగలదో లెక్కగట్టే హాక్‌మన్, ఓల్డ్‌హామ్‌ల ఫార్ములా కూడా అప్పుడే ఒంటబట్టింది. స్కిల్ వెరైటీ (ఎన్ని రకాల నైపుణ్యాలు కావాలి), టాస్క్ ఐడెంటిటీ (పనిని మొదటి నుంచి చివరిదాకా మనమే చేస్తామా), టాస్క్ సిగ్నిఫికెన్స్ (ఆ పని ఇతరులకు ఎంత ముఖ్యం) సగటును అటానమీతో (పనిలో స్వేచ్ఛ), ఫీడ్‌బ్యాక్‌తో గుణిస్తారు. కూడరు, గుణిస్తారు! అందుకే పనిలో స్వేచ్ఛ సున్నాకు దగ్గరైతే మిగతావి ఎన్ని ఉన్నా స్కోరు పడిపోతుంది.

ఏఎంఓ (పనితీరుకు సామర్థ్యం, ప్రేరణ, అవకాశం కావాలనేది), జేడీ-ఆర్ (పని భారాన్నీ, దాన్ని మోయడానికి ఉన్న వనరులనూ కలిపి చూసేది) మోడళ్లకు రివిజన్ చాలు.

ఒక్క టాపిక్ మీద మూడు వారాలు వృథా చేశావన్నారు కొందరు. వృథా కాలేదు. రోజుకో జవాబు పెన్నుతో రాశాను, జ్వరమొచ్చిన రోజు కూడా. మీరూ రాయండి. చదివితే వచ్చినట్టే ఉంటుంది, రాస్తేనే ఎక్కడ ఆగిపోతున్నామో తెలుస్తుంది.

ఈసారి బోనస్ పెంచినా ఉద్యోగులు పనిలో మనసు పెట్టని సంస్థ గురించి కేసు ఇచ్చారు. ప్రేరణ మీద సిద్ధాంతం చెప్పిన హెర్జ్‌బర్గ్ ప్రకారం జీతం అసంతృప్తిని తగ్గిస్తుందే గానీ పని మీద ఇష్టం పుట్టించదని మొదలుపెట్టి, కాన్ చెప్పిన మూడింటిలో అక్కడ ఏది లేదో వెతుకుతూ రాశాను. బెల్లు కొట్టేసరికి ఇంకా రాస్తూనే ఉన్నాను.