మా ఇంటి పోకర్ ఆటలో పదహారేళ్ల కుర్రవాడు: ఆరు నెలల పద్దు

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీది గదిలో ఆరుగురు మిత్రులం టెక్సాస్ హోల్డెమ్ పోకర్ ఆడడం మొదలుపెట్టి ఇది రెండవ ఏడు. ఈ పేకాటలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచి, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు విడతలుగా విప్పుతారు, ప్రతి విడతకూ పందెం కాస్తారు. మొదట శనివారం అనుకున్నాము గాని, మా ఊళ్లో శనివారమంటే చాలా ఇళ్లలో ఒక్కపొద్దు ఉంటుంది, పెరటాసి నెలలోనైతే ఆ రోజు పేకముక్క ముట్టడానికి ఎవరికీ మనసొప్పదు; అందుకని ఆదివారం సాయంత్రానికి మార్చుకున్నాము. ఏ వారం ఏమి జరిగింది, ఏ ఏర్పాటు కుదిరింది, ఏది కుదరలేదు అన్నది ఒక నోటుపుస్తకంలో రాస్తూ వస్తున్నాను. ఈ ఆరు నెలల పద్దులో సగానికి పైగా ఒకే ప్రశ్న ఆక్రమించింది: పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను ఈ ఆటలో కూర్చోబెట్టవచ్చునా?

సంక్రాంతి తరువాతి ఆదివారం

ఈ రోజు సామగ్రి సరిచేసుకున్నాను. కాగితపు ముక్కలు మూడు వారాలకే అంచులు నలిగి, ఏ ముక్క ఏదో వెనుక నుంచే గుర్తుపట్టేటట్టు తయారయ్యాయి కాబట్టి ప్లాస్టిక్ పేకలు రెండు కొన్నాను. ఒకటి పంచుతుండగా రెండవది కలిపి సిద్ధంగా ఉంచుతాము. నిప్పట్లు, మిక్చర్ తిన్న నూనె చేతులతో ముక్కలు పట్టుకున్నా, ఆట అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బల్ల మీద పాత ఉన్ని దుప్పటిని రెండు మడతలు వేసి, పైన నూలు దుప్పటి బిగించి కట్టాను. వట్టి చెక్క మీద ముక్క అతుక్కున్నట్టు ఉండి తీసేటప్పుడు పక్కవాళ్లకు కనబడేది, ఇప్పుడు ఆ బాధ లేదు.

ఒక్కొక్కరికి 5,000 విలువ గల చిప్స్ (పందెపు బిళ్లలు) ఇస్తున్నాము: 25వి ఎనిమిది, 100వి ఎనిమిది, 500వి నాలుగు, 1,000వి రెండు. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, 25/50తో మొదలై ఇరవై నిమిషాలకొకసారి పెరుగుతాయి. ఆరుగురి దగ్గర కలిపి 30,000 ఉంటుంది కాబట్టి, పెద్ద బ్లైండ్ 1,200 దాకా వచ్చేసరికి ఎవరి దగ్గరా ఎక్కువసేపు ఆగి చూసే బలం మిగలదు, సుమారు మూడు గంటల్లో ఆట తేలిపోతుంది. తలా 200 రూపాయలు వేసుకుని, మొదటివారికి 800, రెండవవారికి 400 ఇచ్చుకోవడం అప్పటి మా పద్ధతి.

మార్చి చివరి ఆదివారం

మాలో ఒక మిత్రుడు తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు ముగిశాయి, ఇంట్లో ఉంటే ఫోను వదలడం లేదు, ఇక్కడ కూర్చుని చూస్తాడులే అన్నాడు. ఎవరమూ కాదనలేదు. పిల్లవాడు మూడు గంటలూ కదలకుండా కూర్చుని, మధ్యలో కిందికి వెళ్లి అందరికీ టీ తెచ్చిపెట్టి, చివరికి నన్ను అడిగిన ఒక్క ప్రశ్న విని నేను ఆశ్చర్యపోయాను: “మామా, ముక్కలు బాగాలేకపోయినా నాన్న ఎందుకు పెంచినాడు?” ఆట చూడడం వేరు, ఆటగాడి ఆలోచన చూడడం వేరు, ఈ కుర్రవాడు రెండవది చూస్తున్నాడు.

చిత్తూరు దగ్గర మా తాతగారి ఊరిలో దీపావళి రాత్రి పెద్దలు మూడు ముక్కలాట వేసుకుంటే, నీళ్లు అందించడం, వక్కాకు తెచ్చిపెట్టడం మా పిల్లల పని. గెలిచినవారు మా చేతిలో రూపాయి పెట్టేవారు. ఆ రూపాయి కోసం నిద్ర ఆపుకుని, ఎవరి ముందు నోట్లు పెరుగుతున్నాయో కనిపెట్టి వాళ్ల పక్కనే కూర్చునేవాళ్లం. పిల్లలను పేకాటలోకి రానివ్వాలా అని ఇవాళ కొత్తగా అడుగుతున్నాము గాని, మన ఇళ్లలో పిల్లలు ఎప్పుడూ ఆ చాప అంచునే ఉన్నారు. టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ కుర్రవాణ్ణి చూసినప్పుడు నాకు ఆ చాప గుర్తుకు వచ్చింది. వచ్చినా ఆ రోజు నేను ఏమీ అనలేదు.

ఏప్రిల్ రెండవ ఆదివారం

జరగకూడనిది జరిగింది. ఇద్దరమే మిగిలి ఆట చివరికి వచ్చిన సమయంలో, నా ఎదుటి మిత్రునికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఆయన లేస్తూ తన ముక్కలు కుర్రవాడి చేతిలో పెట్టి “నా తరఫున నువ్వు ఆడు నాయనా” అన్నాడు. నేను ఆపవలసింది, ఆపలేదు. కుర్రవాడు నాలుగు పంపకాల్లో నా చిప్స్ అన్నీ గెలుచుకున్నాడు. తిరిగి వచ్చిన మిత్రుడు 800 తీసుకుని, అందులోంచి వంద నోటు తీసి “నీ చేయి మంచిదిరా” అంటూ వాడి జేబులో పెట్టాడు.

ఆ నోటును వాడు జేబులో నుంచి తీసి, మడత విప్పి, మళ్లీ మడిచి పెట్టుకున్న తీరు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఇంటికి వెళ్లేముందు వాడు అడిగినది ముక్కల గురించి కాదు: “నా రెండు వందలు నేనే తెచ్చుకుంటే కూర్చోవచ్చునా?”

ఏప్రిల్ మూడవ వారం, ఆట లేదు

ఈ వారమంతా ముగ్గురితో మాట్లాడాను. వాళ్లు చెప్పినది విడివిడిగా రాసి పెట్టుకుంటున్నాను.

కుర్రవాడి తండ్రి వాదన సూటిగా ఉంది. తాను పక్కనే ఉంటాడు, రెండు వందలకు మించి పోదు, బయట ఎక్కడో నేర్చుకోవడం కంటే ఇక్కడ నేర్చుకోవడం నయం. ఇందులో చివరి మాటను నేను కొట్టిపారేయలేను. అయితే తండ్రి తన కుమారుని పక్కన కూర్చుని ఆడుతున్నప్పుడు ఆయన కాపలాదారు కాదు, సాటి ఆటగాడు. కొడుకు పోగొట్టుకున్న రెండు వందలు తండ్రి ముందుకే వచ్చి చేరవచ్చు. అప్పుడు ఆ ఇంట్లో ఆ రాత్రి ఏ మాట నడుస్తుంది?

తల్లి నాతో మాట్లాడతానని కబురు పెట్టి, తానే మా ఇంటికి వచ్చింది. ఆమె తమ్ముడు మూడేళ్ల క్రితం ఫోనులో రమ్మీ ఆడి, మొదట గెలిచి, తరువాత జీతమంతా పోగొట్టుకుని, అప్పు తీర్చడానికి అక్క నగలు కుదువ పెట్టించాడు. ఆమె గొంతు పెంచలేదు. “ఆట నేర్పితే నేర్పండన్నా. గెలిచిన డబ్బు రుచి మాత్రం వాడి చేతికి తగలనీయొద్దు” అన్నది. ఆ వంద నోటు సంగతి ఆమెకు అప్పటికి తెలియదు. నేనే చెప్పి, అది నా ఇంట్లో నా కళ్ల ముందు జరిగిందని, నేను ఆపలేదని ఒప్పుకున్నాను.

మూడవ వ్యక్తి మా జట్టులోనే ఉన్న న్యాయవాది. 1968లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులోనే, పడిపోయిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది విడవాలో తేల్చుకోవడం ముఖ్యం కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని, అది మూడు ముక్కలాట వంటిది కాదని చెప్పిన మాట నిజమేనని ఆయన అన్నాడు. కానీ అది రమ్మీ గురించిన తీర్పు, పైగా ఆడించేవాడు లాభం తీసుకుంటే నేరం కావచ్చునని అందులోనే ఉంది. దాన్ని మన పోకర్‌కు గొడుగులా పట్టుకోవద్దు అని హెచ్చరించాడు. 1974 నాటి మన రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా దాని కిందికి తెచ్చారు. పందెపు ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ చెబుతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి అసలు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. “పిల్లవాణ్ణి కూర్చోబెట్టే సంగతి తరువాత, ముందు మనం డబ్బు వేసుకోవడమే మానుకుందాం” అని ఆయన ముగించాడు.

నేను ఆ రాత్రి పుస్తకంలో రాసుకున్న నిర్ణయం ఇది. నా ఇంట్లో పోకర్‌కు ఇక డబ్బు లేదు, ఎవరికీ లేదు. పిల్లవాణ్ణి పంపేసి పెద్దలం డబ్బుతో ఆడుకోవడం ఒక దారే గాని, వాడు ఇప్పటికే చూశాడు. తలుపు వేసుకుని ఆడితే ఆ వంద నోటుకు మరింత విలువ కట్టినట్టే అవుతుంది. ముందు పిల్లలను ఆడించి, వాళ్లు ఇంటికి వెళ్లాక డబ్బు తీసే పద్ధతిని ఒక మిత్రుడు సూచించాడు. అలా చేస్తే మొదటి ఆట రెండవ ఆటకు తాలీము అవుతుంది కాబట్టి దానికీ ఒప్పుకోలేదు.

మే మొదటి ఆదివారం

డబ్బు లేకుండా తొలి ఆట. కుర్రవాడు తల్లిదండ్రులిద్దరి సమ్మతితో కూర్చున్నాడు. ఆట మాత్రం చెడిపోయింది. పోయేదేమీ లేదు కాబట్టి పెద్దలమే ప్రతి పంపకానికీ ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పందెం) అనడం మొదలుపెట్టాము, గంటన్నరకే ముగిసిపోయింది. ఒక మిత్రుడు ఇలాంటి ఆటకు తాను రానని మర్యాదగానే చెప్పి మానుకున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన లేని లోటు మాత్రం ఉంది. తరువాతి వారం తాతయ్యగుంట గంగమ్మ జాతర కాబట్టి ఆట పెట్టలేదు. ఆలోచించుకోవడానికి వ్యవధి దొరికింది.

జూన్ రెండవ ఆదివారం

మూడు మార్పులు చేశాక ఆట దారిలో పడింది. ఎనిమిది ఆదివారాలను ఒక వరుసగా తీసుకుని, ప్రతి ఆటకూ స్థానాన్ని బట్టి 10, 7, 5, 3, 2, 1 చొప్పున మార్కులు వేసి, ఎవరి ఉత్తమమైన ఆరు ఆటలను వారికి కలుపుతున్నాము. ఒకటి రెండు వారాలు రాలేకపోయినవారికి దీనివల్ల నష్టం లేదు. ఓడిపోయినవారు మళ్లీ చిప్స్ తీసుకోవడానికి వీలులేదు. మొదట బయటికి వచ్చినవారు ఆ రోజుకు పంచే బాధ్యత తీసుకుంటారు. ఈ చివరి మార్పు అనుకున్నదాని కంటే ఎక్కువ మేలు చేసింది: ఆడేవాళ్లే పంచుకున్నప్పుడు గంటకు పదహారు, పదిహేడు పంపకాలు జరిగేవి, ఒకరు కేవలం పంచడానికే కూర్చుంటే ఇరవై అయిదు దాకా జరుగుతున్నాయి. మార్కుల పట్టిక గోడకు అంటించాక ఎవరూ ఊరికే ఆల్ ఇన్ అనడం లేదు.

పిల్లలు ఉన్న రోజు మందు, సిగరెట్టు మేడ మీదికి రావు. ఫోన్లన్నీ మెట్ల దగ్గరి గంపలో పెడతాము. సాయంత్రం అయిదుకు మొదలై ఎనిమిదిన్నరకు ఏ స్థితిలో ఉన్నా ఆగిపోతుంది, ఎవరి ముందు ఎన్ని చిప్స్ ఉంటే ఆ వరుసనే స్థానాలు రాస్తాము. ఒకరి ముక్కలు మరొకరు ఆడడం పూర్తిగా మానిపించాను; ఫోను వస్తే ఆ పంపకం వదులుకోవలసిందే.

జూన్ చివరి ఆదివారం

ఈ రోజు రాయడానికి నాకు చాలా ఇష్టంగా ఉంది. ఫ్లాప్‌లో, అంటే మొదట విప్పే మూడు ఉమ్మడి ముక్కల్లో, రెండు ఆఠీన్లు పడ్డాయి, కుర్రవాడి చేతిలో మరో రెండు ఉన్నాయి; ఇంకొక్క ఆఠీను పడితే అయిదూ ఒకే జాతివై బలమైన చేయి అవుతుంది. మధ్యలో 600 ఉండగా వాళ్ల నాన్న 300 కట్టాడు. వాడు కాసేపు పైకప్పు వైపు చూసి కాల్ చేశాడు, అంటే తానూ అంతే పెట్టాడు; టర్న్‌లో, అంటే నాలుగవ ముక్కగా, ఆఠీను రాలేదు, మళ్లీ 600 అడిగేసరికి ఇబ్బందిపడి ముక్కలు పడేశాడు. ఆ పంపకం ముగిశాక ఆటను పది నిమిషాలు ఆపి లెక్క చెప్పమన్నాను. కనబడని ముక్కలు 47, అందులో ఆఠీన్లు 9. రెండు ముక్కలూ రావలసి ఉండగా కనీసం ఒక ఆఠీను పడే అవకాశం నూటికి 35. తాను పెట్టవలసింది 300, పెట్టాక మధ్యలో ఉండేది 1,200, అంటే నూటికి 25 ఉంటే చాలు. 35 ఎక్కువ కాబట్టి పెట్టానని అన్నాడు. పదవ తరగతిలో చదివిన సంభావ్యతను ఇంత శుభ్రంగా వాడిన పిల్లవాణ్ణి నేను చూడలేదు.

తప్పు ఎక్కడుందో అప్పుడు చూపించాను. 35 అన్నది రెండు ముక్కలూ చూసేవారికి వచ్చే లెక్క. 300కు వాడు కొన్నది ఒక్క ముక్కను మాత్రమే. దానికి అవకాశం 47లో 9, అంటే నూటికి 19. రెండవ ముక్కకు మళ్లీ వెల కట్టవలసి వస్తుందని వాడు లెక్కలో వేసుకోలేదు. ఆఠీను పడ్డాక ఎదుటివారు ఇంకా చాలా పెడతారని అనుకుంటే తప్ప ఆ కాల్ నిలబడదు. వాడు కాగితం తీసుకుని 38/47ను 37/46తో గుణించి ఒకటిలో నుంచి తీసివేసి, 34.97 వచ్చిందని తృప్తిపడి, “అయితే అడిగిన ప్రశ్నే తప్పు కదా మామా” అన్నాడు. రెండేళ్లుగా ఆడుతున్న మాలో ఇద్దరు అప్పుడే మొదటిసారి ఈ తేడా గమనించారు.

జూలై మూడవ ఆదివారం

కుర్రవాడు పట్టికలో రెండవ స్థానానికి వచ్చాడు. నాకు సంతోషమూ భయమూ రెండూ కలిగాయి. ఆట ముగిశాక, తన తరగతిలోని ఒకడు వాళ్ల అన్న ఫోనులో ఇప్పటికీ ఏదో యాప్‌లో డబ్బు పెట్టి ఆడుతున్నాడని, నీలాగ ఆడేవాడైతే నెలకు వేలు సంపాదించవచ్చునని తనతో అన్నాడని చెప్పాడు. 2025లో కేంద్రం తెచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా నిషిద్ధమని చెప్పాను. చట్టం మాటతో ఆపకుండా మా పట్టికనే ముందు పెట్టాను: అందరికంటే బాగా ఆడే న్యాయవాది వరుసగా మూడు వారాలు అయిదవ స్థానంలో ఉన్నాడు. అవి మార్కులు కాక జీతమైతే నాలుగవ వారం ఆయన ఏం చేసేవాడని అడిగాను. వాడు వెంటనే జవాబివ్వలేదు. కాసేపటికి, “మా మేనమామ అదే చేసినాడు” అన్నాడు. వాళ్ల అమ్మ ఆ సంగతి వాడికి చెప్పి ఉంటుందని నేను అనుకోలేదు.

ఈ యాప్ మాట వాడు నాకు చెప్పగలిగాడంటే, బల్ల దగ్గర వాడికి చోటు ఇచ్చినందువల్లనేనని నా నమ్మకం. అయినా పద్దెనిమిది నిండిన రోజున ఏమి మారుతుందని వాడు అడిగితే, నా ఇంట్లో ఏమీ మారదని ముందే చెప్పాను.

ఈ వారం

పద్నాలుగేళ్ల మా మేనకోడలు తానూ వస్తానంటున్నది. ముందు నాలుగు ఆదివారాలు పంచడం నేర్చుకోమన్నాను. ముక్కలను బల్లకు ఆనించి జారవిడవడం, ఫ్లాప్‌కు ముందు ఒక ముక్కను పక్కన పెట్టడం ఇంట్లో సాధన చేస్తున్నది. ఆమె కూర్చుంటే మళ్లీ ఏడుగురం అవుతాము కాబట్టి మార్కుల వరుసను 12 నుంచి మొదలుపెట్టాలి. 25 విలువ గల చిప్స్ ఎనిమిది తక్కువ పడతాయి, కొత్తవి వచ్చేదాకా చింతగింజలు వాడుకుంటాము.