గ్రూప్-1 మెయిన్స్: కంకర క్వారీ టాపిక్ నాకు మార్కులెలా తెచ్చింది

లిస్టులో నంబర్ కనిపించినప్పటి నుంచి ఫోన్ ఆగట్లేదు. ఎక్కువ మంది అడిగేది పేపర్-4 మూడో సెక్షన్, అదే అభివృద్ధి-పర్యావరణ సమస్యల గురించే. హిస్టరీ, పాలిటీ మీరంతా చదివినట్టే నేనూ చదివాను, అందులో కొత్తగా చెప్పేదేం లేదు కాబట్టి నేరుగా దీనికే వస్తా.

సుస్థిరాభివృద్ధి మీద ఏ ప్రశ్న వచ్చినా మన నోట్సులన్నీ 1987 బ్రంట్‌లాండ్ కమిషన్ నిర్వచనంతో మొదలై, ఎస్‌డీజీల (ఐరాస సుస్థిరాభివృద్ధి లక్ష్యాల) వరస దించేసి, ‘సమతుల్యం అవసరం’ అని ముగుస్తాయి. పేపర్ దిద్దేవాళ్లకు అది చదివీ చదివీ విసుగొచ్చి ఉంటుంది.

నాకు దారి దొరికింది పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేశ్ పోర్టల్లో. ఓ చిన్న కంకర క్వారీకి ఇచ్చిన పర్యావరణ అనుమతి పత్రం డౌన్‌లోడ్ చేసి, షరతులన్నీ పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాను. లీజు హద్దు వెంట 7.5 మీటర్లు తవ్వకుండా వదలాలి, డ్రిల్లింగ్ నీళ్లతో తడుపుతూ చేయాలి, టిప్పర్ మీద టార్పాలిన్ కప్పాలి, దారంతా నీళ్లు చల్లాలి. ఒక్కో షరతు వెనక ఒక్కో గొడవ ఉంది. తడి డ్రిల్లింగ్ ఎందుకంటే పొడి రాతిదుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. అక్కడి నుంచి చట్టంలోకి వెళ్లా. 1957 ఎంఎండీఆర్ (గనులు, ఖనిజాల) చట్టం సెక్షన్ 15 ప్రకారం కంకర లాంటి చిన్నతరహా ఖనిజాల రూల్స్ రాష్ట్రాలవే. 5 హెక్టార్లలోపు లీజులకు పర్యావరణ అనుమతి అక్కర్లేదని పెద్ద లీజుల్ని ముక్కలు చేసి ఇచ్చేవాళ్లు, 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది.

ఇక రెండో వైపు. కంకర లేకుండా రోడ్డు, ఇల్లు, బ్రిడ్జి ఏదీ లేవదు, ప్రపంచం ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతోందని ఐరాస పర్యావరణ సంస్థ యూఎన్ఈపీ 2022లో చెప్పింది. కంకర బరువెక్కువ, ధర తక్కువ, దూరం నుంచి తెస్తే లారీ కిరాయే కంకర ధరను మింగేస్తుంది, అందుకే క్రషర్లు ఊళ్ల పక్కనే వెలుస్తాయి, దుమ్మూ ఊళ్ల మీదే పడుతుంది. ఈ ఒక్క పాయింటే నా ఆన్సర్‌ని పక్కవాళ్ల ఆన్సర్ నుంచి వేరు చేసిందని నా నమ్మకం. అన్నట్టు రోబో శాండ్‌ని (రాయిని పొడి చేసి తీసే ఇసుకని) పరిష్కారంగా రాసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, అది నదిని కాపాడుతుంది గానీ ఆ బరువు గుట్ట మీద పడుతుంది. కూల్చిన కట్టడాల కాంక్రీట్‌ని కూడా రాయండి, కాంక్రీట్‌లో వాడే కంకర, ఇసుకల ప్రమాణం ఐఎస్ 383 2016 సవరణ దాన్ని ఎం25 గ్రేడ్ వరకు ఆర్‌సీసీలో (ఇనుప కడ్డీల కాంక్రీట్‌లో) కంకర బదులు 20 శాతం మేర వాడుకోనిస్తుంది.

ఒక్క టాపిక్‌కి ఇంత టైమా అని రూమ్మేట్స్ నవ్వారు. నవ్వనీ. అందులోనే ఆరోగ్యం, కోర్టు తీర్పులు, కేంద్ర-రాష్ట్ర సంబంధాలు (2024 జూలై 25 నాటి తొమ్మిది మంది జడ్జీల ఖనిజ పన్ను తీర్పుతో సహా) అన్నీ కలిసొచ్చాయి, వేరే పేపర్లలోనూ వాడుకున్నా. మనవాళ్లకు పీడీఎఫ్‌లు పోగేయడంలో ఉన్న ఓపిక పెన్ను పట్టడంలో ఉండదు. రోజూ పొద్దున ఒక ఆన్సర్ టైమ్ పెట్టుకుని రాయండి, రాయని రోజు ఫోన్ ముట్టుకోవద్దు, కఠినంగా ఉందనిపిస్తే మానేయండి, మీ ఇష్టం.

ఎకానమీకి ఎకనమిక్ సర్వే, రాష్ట్ర బడ్జెట్, అంతే చదివా. ఎస్సే గురించి మెసేజ్ పెట్టినవాళ్లకు విడిగా రాస్తా.